ఫ్రిజ్ మీది కాగితంలో లేని ఏళ్లు

ఇంగ్లండ్‌లోని హ్యాంప్‌షైర్ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఆరు పేజీల ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆమె, భర్త 22 ఏళ్ల కిందట గుంటూరు జిల్లా నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డారు. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆమె ఒక మందుల దుకాణంలో ఫార్మసిస్టు. ఒక్కడే కొడుకు, ఇప్పుడు 18 ఏళ్లు. తొమ్మిదో ఏట పక్కింటి పెద్దాయన తన పాత గోల్ఫ్ క్లబ్బును, అంటే ఆట కర్రను, కోసి పొట్టిగా చేసి ఇస్తే దానితో మొదలైన ఆట, ఈ రోజు ఆ అబ్బాయిని కౌంటీ జట్టు దాకా తెచ్చింది. హ్యాండిక్యాప్ ప్లస్ టూ, అంటే మైదానానికి నిర్ణయించిన దెబ్బల కంటే రెండు తక్కువలో ముగించగల స్థాయి, అని గర్వంగా రాశారు. ఈ వేసవిలో 'ఏ లెవెల్' పరీక్షలు, అంటే మన ఇంటర్ లాంటివి, అయిపోతాయి. ఇంగ్లండ్‌లోనే మంచి యూనివర్సిటీలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. అమెరికాలో ఒక కాలేజీ గోల్ఫ్ కోచ్, సగం ఫీజు తామే భరిస్తామంటూ స్కాలర్‌షిప్ ఇవ్వజూపాడు. అబ్బాయికి రెండూ వద్దు. సెప్టెంబరులో ప్రొఫెషనల్‌గా మారిపోతానంటున్నాడు.

"జస్టిన్ రోజ్ 17 ఏళ్లకే ప్రొఫెషనల్ అయ్యాడు, నాకు 18 నిండాయి" అన్నది అతని వాదన. రోజ్ పేరున్న ఇంగ్లిష్ గోల్ఫ్ ఆటగాడు, పెరిగింది ఆ హ్యాంప్‌షైర్‌లోనే. ఫ్లీట్ ఊళ్లో అతను ఆడిన క్లబ్బు మీదుగానే వీళ్లు వారం వారం సరుకులకు వెళతారట. తండ్రి అదే రోజ్ పేరుతో తిప్పికొట్టాడు. ప్రొఫెషనల్ అయ్యాక రోజ్ వరసగా 21 పోటీల్లో కట్ అనే వడపోత దాటలేకపోయాడని చదివి, ఒక తెల్ల కాగితం మీద 1 నుంచి 21 దాకా అంకెలు వేసి, ప్రతి అంకె పక్కన 'సున్నా' అని రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. మర్నాడు పొద్దున ఆమె పాల కోసం వెళ్లేసరికి, కాగితం అడుగున కొడుకు చేతిరాతతో మూడు వరసలు కనిపించాయి. 2013 యూఎస్ ఓపెన్. 2016 ఒలింపిక్ స్వర్ణం. 2018 ప్రపంచ నంబర్‌వన్. నెలన్నరగా ఆ కాగితం అక్కడే ఉంది. తండ్రీకొడుకుల మధ్య మాటలు తగ్గిపోయాయి. కారు తాళాలు అడగాలన్నా ఆమె నోటితోనే అడిగించుకుంటున్నారు.

తండ్రి పట్టుదలకు వెనక ఒక కథ ఉంది. ఆయన ఇంజినీరింగ్ చదువు కోసం వాళ్ల నాన్న ఉన్న మూడెకరాల్లో ఒక ఎకరం అమ్మారు. "ఆ ఎకరం వల్ల నేనిక్కడ ఉన్నాను, వీడు చేతిలోకి వచ్చిన సీటు పారేస్తానంటాడా" అని రాత్రిళ్లు ఆయన నిద్రపోవడం లేదు.

చివరి పేజీలో అసలు రహస్యం రాశారు. తన జీతంలోంచి దాచుకున్న 18 వేల పౌండ్లు ఆమె దగ్గర ఉన్నాయి. భర్తకు తెలియదు. మొదటి ఏడాది ఖర్చుల కోసం చాటుగా కొడుకు చేతిలో పెట్టేద్దామా అని ఆలోచిస్తున్నారు. "అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోతున్నాను. నాకు గోల్ఫ్ తెలియదు. నేనెవరి పక్షాన నిలబడాలి?" అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ నా చూపు ఆ ఫ్రిజ్ మీది కాగితం దగ్గరే ఆగింది. మీ వారు రాసిన లెక్క 1999తో ఆగిపోయింది. మీ అబ్బాయి రాసినది 2013లో మొదలైంది. నడుమ 14 ఏళ్లున్నాయి. మీ ఇంట్లో ఇద్దరూ ఒకే మనిషి గురించి పోట్లాడుతున్నారు, ఇద్దరూ రాసినది నిజమే, కానీ ఆ మనిషి నిజంగా ఆటగాడిగా తయారైన ఏళ్లను ఇద్దరూ వదిలేశారు. అందుకని ముందు ఆ కథ వరసగా చెబుతాను. మీకు ఆట తెలియదన్నారు కాబట్టి తెలియనివారికి చెప్పినట్టే చెబుతాను.

1998 జులై. ఇంగ్లండ్ పడమటి తీరంలో రాయల్ బర్క్‌డేల్ అనే మైదానంలో ఓపెన్ చాంపియన్‌షిప్ జరుగుతోంది. రోజ్‌కు 18 నిండడానికి ఇంకా కొన్ని రోజులుంది. అమెచ్యూర్‌గా, అంటే డబ్బు తీసుకోని ఆటగాడిగా బరిలో దిగాడు. చివరి రోజు చివరి హోల్‌లో, అంటే బంతిని గుంటలో వేయాల్సిన ఆఖరి అంచెలో, అతని బంతి పొడవాటి గడ్డిలో పడింది. జెండా ఇంకా దాదాపు 50 గజాల దూరంలో ఉంది. అక్కడి నుంచి ఎత్తి కొట్టిన బంతి పచ్చిక మీద పడి, దొర్లుకుంటూ వెళ్లి గుంటలో పడింది. మేటి ప్రొఫెషనల్స్ అందరి మధ్యా ఆ కుర్రాడికి ఉమ్మడిగా నాలుగో స్థానం వచ్చింది. అమెచ్యూర్ కాబట్టి ఒక్క పౌండు కూడా ముట్టలేదు, అమెచ్యూర్లలో మొదటివాడికి ఇచ్చే వెండి పతకం ఇచ్చారు. ఆ మర్నాడే ప్రొఫెషనల్‌గా మారాడు.

మీ అబ్బాయి 17 అన్న అంకెను పట్టుకుని ఈ ముందు కథను వదిలేశాడు. రోజ్ వయసు చూసుకుని మారలేదు. అంతకు ముందు ఏడాదే వాకర్ కప్‌లో, అంటే అమెరికా అమెచ్యూర్ల మీద ఆడే బ్రిటన్, ఐర్లండ్ ఉమ్మడి జట్టులో ఉన్నాడు. ఆ తరవాత ఓపెన్‌లో నాలుగోవాడయ్యాడు. ఈ రెండూ చేతిలో ఉన్నాక మారాడు. అయినా ఏమైందో మీ వారి కాగితం చెబుతోంది.

కట్ అంటే ఏమిటో చెబుతాను. ఈ పోటీలు నాలుగు రోజులు సాగుతాయి. రెండో రోజు సాయంత్రం స్కోర్లు చూసి ఒక గీత గీస్తారు. గీతకు అవతల ఉన్నవాళ్లు, అంటే దాదాపు సగం మంది, ఆ రాత్రికే పెట్టె సర్దుకోవాలి. వాళ్లకు ప్రైజు మనీ ఉండదు. విమానం టికెట్టు, హోటలు గది, సంచి మోసే క్యాడీకి ఇచ్చే డబ్బు అంతా సొంత ఖర్చే. మీ వారు సున్నా అని రాసింది కోపంతోనే కావచ్చు, లెక్క ప్రకారం మాత్రం సరిగ్గానే రాశారు. నిజానికి సున్నా కంటే కిందే ఉంటుంది. వరసగా 21 పోటీల్లో ఆ కుర్రాడు శుక్రవారం రాత్రి ఇంటిదారి పట్టాడు. పత్రికలన్నీ చూస్తుండగా పట్టాడు.

అయితే ఇక్కడ మీ వారికి తట్టని సంగతి ఒకటుంది. బర్క్‌డేల్ పేరు వల్ల నిర్వాహకులు రోజ్‌ను పిలిచి మరీ తమ పోటీల్లో ఆడించారు. ఓడితే ఓడాడు కానీ, ఓడింది యూరప్‌లోని పైస్థాయి పోటీల్లో. మీ అబ్బాయికి అలాంటి పిలుపులు రావు. అతను కింది మెట్టు నుంచి ఎక్కాలి. చిన్న టూర్లలో, అంటే ఏడాది పొడవునా సాగే చిన్న పోటీల వరసల్లో, ఆడాలి. క్వాలిఫైయింగ్ స్కూల్ అనే అర్హత పోటీలు దాటుకుని రావాలి. పేరు స్కూల్ అయినా అక్కడ ఎవరూ పాఠం చెప్పరు. అది మూడు దశల వడపోత. ఆఖరి దశలోనే ఆరు రోజులు, 108 హోల్స్ ఆడాలి. ప్రవేశ రుసుమే వెయ్యి పౌండ్ల పైమాట. రోజ్ కూడా తన హక్కు సంపాదించుకున్నది ఆ తలుపు గుండానే. ఒకసారి గెలిచి లోపలికి వెళ్లి, నిలదొక్కుకోలేక మళ్లీ అదే తలుపు దగ్గరికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లాడు.

ఇక ఎవరూ రాయని ఏళ్ల దగ్గరికి వద్దాం. 2001 మొదట్లో దక్షిణాఫ్రికాలో వరసగా రెండు వారాలు రెండో స్థానం. 2002 జనవరిలో, తాను పుట్టిన జొహానెస్‌బర్గ్‌లోనే, డన్‌హిల్ చాంపియన్‌షిప్ గెలిచాడు. ప్రొఫెషనల్ అయిన మూడున్నరేళ్లకు వచ్చిన మొదటి పెద్ద గెలుపు. ఆ ఏడాది గెలుపులు అక్కడితో ఆగలేదు. దక్షిణాఫ్రికాలో ఇంకొకటి, జపాన్‌లో ఒకటి, ఇంగ్లండ్‌కు వచ్చి వోబర్న్‌లో బ్రిటిష్ మాస్టర్స్. మొత్తం నాలుగు. ఆ సెప్టెంబరులో అతని తండ్రి కెన్ రోజ్ లుకేమియాతో చనిపోయారు. 57 ఏళ్లు. కొడుక్కి మొదటి గురువు ఆయనే. ఆ 21 ఓటముల్లోనూ వెనక ఉన్నది ఆయనే.

కొడుకు తేరుకోవడానికి చాలా కాలం పట్టింది. 2004 నుంచి అమెరికా టూర్‌లో ఆడడం మొదలుపెడితే అక్కడ మొదటి టైటిల్ 2010లో, ఒహాయోలో జరిగిన మెమోరియల్ టోర్నమెంట్‌లో గాని రాలేదు. నడుమ 2007లో స్పెయిన్‌లోని వాల్డెరామాలో వోల్వో మాస్టర్స్ గెలిచి, ఆ ఏడాది యూరప్ మొత్తంలో సంపాదనలో మొదటివాడిగా నిలిచాడు. అప్పటికి 27 ఏళ్లు. మేజర్ టైటిల్, అంటే ఆటలో అన్నిటికంటే పెద్దవైన నాలుగు పోటీల్లో ఒకటి, మాత్రం ఇంకా చేతికి అందలేదు.

2013 జూన్ 16న, ఫిలడెల్ఫియా దగ్గర మెరియన్‌లో యూఎస్ ఓపెన్ చివరి రోజు నేను టీవీ ముందు కూర్చుని చూశాను. 18వ హోల్‌లో అతని బంతి ఒక ఫలకానికి దగ్గరగా వచ్చి ఆగింది. 1950లో అమెరికా ఆటగాడు బెన్ హోగన్ కొట్టిన షాట్‌కు గుర్తుగా నేలలో బిగించిన ఫలకం అది. అక్కడి నుంచి రోజ్ ఫోర్ ఐరన్ క్లబ్బుతో కొట్టిన బంతి జెండా పక్కనుంచి దొర్లి పచ్చిక అంచు దాకా వెళ్లింది. అక్కడ దగ్గరి దెబ్బలకు వాడే మామూలు పుటర్ కాకుండా, దూరం కొట్టడానికి వాడే త్రీ వుడ్ తీసుకుని బంతిని మెల్లగా నెట్టాడు, గుంటకు అంగుళాల దూరంలో ఆగింది. అది పూర్తిచేసి తలెత్తి ఆకాశం వైపు వేలు చూపించాడు. ఆ రోజు ఫాదర్స్ డే. ఫిల్ మికెల్సన్, జేసన్ డే ఇద్దరి మీదా రెండు స్ట్రోకుల, అంటే రెండు దెబ్బల, తేడాతో గెలిచాడు. 1970లో టోనీ జాక్లిన్ తరవాత యూఎస్ ఓపెన్ గెలిచిన మొదటి ఇంగ్లిష్ ఆటగాడు ఇతనే. అప్పటికి తండ్రి పోయి పదేళ్లు దాటింది.

మీ అబ్బాయి కాగితం మీద రాసిన మొదటి వరస అంటే ఇంత. తరవాతి రెండూ మీకు అతనే చెప్పి ఉంటాడు. 112 ఏళ్ల తరవాత గోల్ఫ్‌ను మళ్లీ ఒలింపిక్స్‌లోకి తెస్తే, రియోలో మొదటి రోజే నాలుగో హోల్‌లో ఒక్క దెబ్బకు బంతిని గుంటలో వేసి, ఒలింపిక్స్ చరిత్రలో మొదటి హోల్ ఇన్ వన్ కొట్టి, చివరికి హెన్రిక్ స్టెన్సన్‌ను వెనక్కు నెట్టి స్వర్ణం తెచ్చుకున్నాడు. 2018 సెప్టెంబరులో ప్రపంచ నంబర్‌వన్ అయ్యాడు. ఆ వారం అతను గెలవలేదన్నది నాకు బాగా గుర్తు. స్కోరు సమానమైనవాళ్ల మధ్య ఆడించే ప్లేఆఫ్‌లో ఓడిపోయి మరీ నంబర్‌వన్ అయ్యాడు. అదే నెలలో సీజన్ మొత్తానికి ఇచ్చే ఫెడెక్స్ కప్ కూడా అందుకున్నాడు.

వాళ్లిద్దరూ రాయనివి ఇంకా ఉన్నాయి. అమెరికాలో జరిగే మాస్టర్స్ అనే మేజర్‌లో 2015లో రెండో స్థానం. 2017లో అక్కడే ప్లేఆఫ్ ఆడి సెర్హియో గార్సియా చేతిలో ఓటమి. 2025 ఏప్రిల్‌లో చివరి రోజు ఆట 66 దెబ్బల్లోనే ముగించి, చివరి హోల్‌లో బర్డీ చేసి, అంటే నిర్ణయించిన లెక్క కంటే ఒక దెబ్బ తక్కువలో బంతిని గుంటలో వేసి, మళ్లీ ప్లేఆఫ్, ఈసారి రోరీ మెకిల్‌రాయ్ చేతిలో ఓటమి. ఓపెన్‌లో 2018లో, 2024లో రెండో స్థానం. 2025 ఆగస్టులో, 45 ఏళ్ల వయసులో, మెంఫిస్‌లో ప్లేఆఫ్ ఆడి మళ్లీ గెలిచాడు. మొదటి కట్ తప్పినప్పటి నుంచి లెక్కేస్తే 27 ఏళ్లు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మీ ఇంట్లో గొడవ 'గెలుస్తాడా, ఓడతాడా' అన్న దాని మీద నడుస్తోంది. రోజ్ జీవితం చూస్తే గెలవడం, ఓడడం విడివిడిగా లేవు. అంత గెలిచినవాడికి కూడా ఓడిన వారాలే ఎక్కువ. కాబట్టి మీ అబ్బాయి రోజ్ అవుతాడా అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. నేను అడగదలచుకున్నది వేరే. కట్ తప్పిన శుక్రవారం రాత్రి మీ అబ్బాయి ఏ ఇంటికి తిరిగి వస్తాడు?

మీరు నాలుగో పేజీలో ఒక సంగతి రాసి, దాన్ని అక్కడే వదిలేసి ముందుకు వెళ్లిపోయారు. ఏప్రిల్‌లో ఒక పోటీలో బాగా ఆడలేక ఇంటికి వచ్చిన రోజు, అబ్బాయి ఇంటి ముందు కారులోనే 40 నిమిషాలు కూర్చున్నాడని. గోల్ఫ్ బూట్లు కూడా విప్పలేదని. మీరు వంటింటి కిటికీలోంచి చూస్తున్నారు. పైన పడకగది కిటికీ కర్టెన్ కదిలింది, అంటే ఆయన కూడా చూస్తున్నారు. ఇద్దరిలో ఎవరూ బయటికి వెళ్లలేదు. మీరు వెళితే ఆయనకు కోపం వస్తుందని మీరు ఆగారు. ఆయన వెళితే 'చూశావా నేను చెప్పింది' అని అబ్బాయికి అనిపిస్తుందని ఆయన ఆగి ఉంటారు. ఆ 40 నిమిషాలు నన్ను ఆ కాగితం కంటే ఎక్కువగా బాధపెట్టాయి. ఏ దారి ఎంచుకున్నా ఆ అబ్బాయికి ఇలాంటి సాయంత్రాలు ఇంకా వస్తాయి. ఇంజినీరింగ్‌లో చేరినా వస్తాయి.

ఇప్పుడు దారుల సంగతి. మొదటిది అబ్బాయి అడుగుతున్నదే, సెప్టెంబరులో ప్రొఫెషనల్‌గా మారడం. మీ పరిస్థితికి రోజ్ కంటే దగ్గరగా ఉండే ఉదాహరణ ఒకటి చెబుతాను. ఆరన్ రాయ్ అని, వుల్వర్‌హాంప్టన్‌లో పుట్టిన ఇంగ్లిష్ ఆటగాడు, భారతీయ మూలాల కుటుంబం. రెండు చేతులకూ తొడుగులు వేసుకుని ఆడతాడు, మిగతావాళ్లు దాదాపు అందరూ ఒక్క చేతికే వేసుకుంటారు. 2012లో, 17 ఏళ్లకే ప్రొఫెషనల్ అయ్యాడు. అయిదేళ్లు కింది టూర్లలో ఆడాడు. 2017లో రెండో స్థాయి చాలెంజ్ టూర్‌లో ఒకే ఏడాది మూడు టైటిళ్లు గెలిచాకే యూరప్ ప్రధాన టూర్‌లోకి వెళ్లగలిగాడు. 2018లో హాంకాంగ్ ఓపెన్, 2020లో స్కాటిష్ ఓపెన్, 2024 ఆగస్టులో అమెరికాలో విండమ్ చాంపియన్‌షిప్. అతను ఐరన్ క్లబ్బులన్నిటికీ చిన్న తొడుగులు వేసి ఉంచుతాడు, ప్రొఫెషనల్స్‌లో అలా చేసేవాళ్లు దాదాపు లేరు. చిన్నప్పుడు తండ్రి స్తోమతకు మించి మంచి క్లబ్బులు కొనిచ్చి, ఆట అయ్యాక వాటి గాళ్లలో మట్టిని గుండుసూదితో తీసి, బేబీ ఆయిల్‌తో తుడిచి పెట్టేవారట. అవి పాడవకూడదని వేసిన తొడుగులను కొడుకు ఇప్పటికీ తీయలేదు. ఆ తండ్రి ఆ పని చేసిన ఏళ్లలో కొడుకు ఏమవుతాడో ఆయనకూ తెలియదు.

ఈ దారిలో నష్టం ఏమిటో కూడా స్పష్టంగా చెప్పాలి. ఒకసారి ప్రొఫెషనల్ అయితే అమెచ్యూర్ పోటీల తలుపు మూసుకుపోతుంది. మళ్లీ అమెచ్యూర్ కావాలంటే దరఖాస్తు పెట్టుకుని, నిర్ణయం కోసం ఎదురుచూడాలి. అమెరికా కాలేజీ జట్టు అవకాశం కూడా మామూలుగా పోయినట్టే. ప్లస్ టూ అంటే చిన్న విషయం కాదు, మీరు గర్వపడడం సబబే. కానీ దేశం మొత్తం నుంచి వచ్చే బ్రబజాన్ ట్రోఫీ లాంటి అమెచ్యూర్ పోటీలో దాని కంటే మెరుగైన హ్యాండిక్యాప్ ఉన్నవాళ్లే ఎక్కువ. వాళ్లలోనూ చాలామంది ప్రొఫెషనల్స్‌గా నిలవలేరు. మీ అబ్బాయి ఇది వినకపోవచ్చు, మీకు మాత్రం తెలియాలి.

రెండోది అమెరికా కాలేజీ. దీన్ని అబ్బాయి ఎందుకు కొట్టిపారేస్తున్నాడో మీరు రాయలేదు. 'నాన్నకు లొంగినట్టు అవుతుంది' అన్నదే కారణమైతే, ఆ మాట విడిగా, నెమ్మదిగా మాట్లాడాలి. ఎందుకంటే ఆ దారిలో వెళ్లిన ఇంగ్లిష్ ఆటగాళ్లు తక్కువవాళ్లేమీ కాదు. ల్యూక్ డొనాల్డ్ షికాగో పక్కనే ఉన్న నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో చదువుతూ 1999లో అమెరికా కాలేజీ వ్యక్తిగత చాంపియన్ అయ్యాడు, 2011లో ప్రపంచ నంబర్‌వన్ అయ్యాడు. షెఫీల్డ్ కుర్రాడు మాట్ ఫిట్జ్‌పాట్రిక్ అదే యూనివర్సిటీలో చేరి, తనకు సరిపడదని కొన్ని నెలలకే వచ్చేశాడు, 2014లో ప్రొఫెషనల్ అయ్యాడు, 2022లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఒకడు చదువు పూర్తిచేశాడు, ఇంకొకడు మధ్యలో వచ్చేశాడు, ఇద్దరూ నష్టపోలేదు. ఇందులో ఇబ్బందల్లా డబ్బు. స్కాలర్‌షిప్ సగమే. మిగతా సగం, అక్కడి తిండి, ఇన్సూరెన్సు కలిపితే నాలుగేళ్లలో మీ 18 వేల పౌండ్లు ఏ మూలకూ రావు. చేరే ముందు ఆ కోచ్‌ను అడగవలసిన ప్రశ్న ఒకటుంది. రెండో ఏడాది జట్టులో చోటు దక్కకపోతే స్కాలర్‌షిప్ నిలుస్తుందా, పోతుందా? రాతపూర్వకంగా తీసుకోండి.

మూడో దారి గురించి మీ ఇంట్లో ఎవరూ మాట్లాడినట్టు లేదు. ఇంగ్లండ్ యూనివర్సిటీలు చాలావరకు అడిగితే సీటును ఒక ఏడాది వాయిదా వేస్తాయి. ఆ ఏడాది అబ్బాయి అమెచ్యూర్‌గానే ఉండి, వారంలో కొన్ని రోజులు ఏదో ఒక పని చేసుకుంటూ, బ్రబజాన్, లిథమ్ ట్రోఫీ, సెయింట్ ఆండ్రూస్ లింక్స్ ట్రోఫీ లాంటి పెద్ద పోటీల్లో చోటు కోసం ప్రయత్నించవచ్చు. చోటు దొరకడమే ఒక పరీక్ష. దొరికితే, అక్కడ ఎన్నోవాడిగా నిలిచాడన్నది వాదన అక్కర్లేని జవాబు. అమెచ్యూర్లకు ప్రపంచ ర్యాంకింగ్ కూడా ఉంది, ఏడాది తిరిగేసరికి ఎక్కడున్నాడో అందరికీ కనిపిస్తుంది. రోజ్ నిజంగా చేసింది ఇదే, తనను తాను ముందు అమెచ్యూర్లలో చూసుకున్నాడు. దీనిలో ఉన్న ప్రమాదం, ఏడాది చివర ఫలితం అటూ ఇటూ కాకుండా ఉంటే మళ్లీ ఇదే గొడవ వస్తుంది. అందుకని మొదటే ముగ్గురూ కూర్చుని, ఏ ఫలితం వస్తే ప్రొఫెషనల్, ఏది వస్తే యూనివర్సిటీ అన్నది రాసుకోవాలి. ఆ గీత అబ్బాయే గీయాలి. మీ వారు గీస్తే అది ఇంకో ఫ్రిజ్ కాగితం అవుతుంది.

నేరుగా ఇంజినీరింగ్‌లో చేరి యూనివర్సిటీ జట్టులో ఆడడం కూడా ఉంది. అబ్బాయి మనసు పూర్తిగా ఆటలో ఉన్నప్పుడు బలవంతాన చేర్పిస్తే, మొదటి ఏడాది ఫెయిలై బయటికి వచ్చేవాళ్లను నేను చాలామందిని చూశాను. తనంతట తాను ఒప్పుకుంటే తప్ప దీని జోలికి వెళ్లకండి.

ఇక మీ డబ్బు. దాచుకోవడం తప్పు కాదు, చెప్పకపోవడానికి మీ కారణాలు మీకున్నాయి, వాటిని నేను తవ్వను. కానీ చాటుగా కొడుక్కి ఇస్తే జరిగేది ఆలోచించండి. అబ్బాయి మోసేది గోల్ఫ్ సంచి ఒక్కటే కాదు, మీ రహస్యం కూడా. మూడు అడుగుల పుట్ కొట్టేటప్పుడు అతని తలలో అమ్మ దాచుకున్న డబ్బు తిరుగుతుంది. మీ వారికి ఏదో ఒక రోజు తెలుస్తుంది, అది కట్ తప్పిన వారమే అవుతుంది, అప్పుడు ఆ కాగితం మీద సున్నాల పక్కన మీ పేరు కూడా చేరుతుంది. బయటపెట్టి ఇస్తే అదే డబ్బు వేరేగా పనిచేస్తుంది. ఇంత వరకు, ఇన్ని నెలలు, ఆ తరవాత లేదు అని ముగ్గురి ముందు చెప్పగలుగుతారు. అసలు ఇవ్వకుండా మీ ముసలితనానికి అట్టే పెట్టుకునే హక్కూ మీకుంది. తల్లి కాబట్టి ఇచ్చి తీరాలన్న రూలు ఏదీ లేదు. మూడింటిలో ఏది చేసినా మీ ఇష్టం. చాటుగా ఇవ్వడం ఒక్కటే నాకు భయంగా ఉంది.

ఎవరి పక్షాన నిలబడాలని అడిగారు. మీ వారితో మీరు ఒక్కరే, అబ్బాయి ఇంట్లో లేనప్పుడు, ఆ ఎకరం గురించి మాట్లాడండి. అమ్మిన రోజు మామగారికి ఏం తెలుసు? కొడుకు పాసవుతాడని తెలుసా, ఉద్యోగం వస్తుందని తెలుసా, ఇంగ్లండ్ వెళతాడని తెలుసా? మీ వారు మొదటి సెమిస్టరులో రెండు సబ్జెక్టులు తప్పారని మీరే రాశారు, నాన్నకు ఫోను చేసి చెప్పడానికి భయపడి వారం రోజులు తిరిగారని కూడా రాశారు. చెప్పాక ఆ పెద్దాయన ఏమన్నారో మాత్రం రాయలేదు. ఆ మాట అడగండి. వాదించడానికి కాదు, వినడానికి అడగండి. కొడుక్కి ఆయన ఇవ్వగలిగింది అక్కడ దొరుకుతుందని నాకు అనిపిస్తోంది.

అబ్బాయి నుంచి అడగవలసినది కూడా ఉంది. మూడు వరసల గెలుపులు కాదు, పన్నెండు నెలల కాగితం. ఏ నెలలో ఏ పోటీ, రుసుము ఎంత, ప్రయాణం ఎంత, ఎక్కడ పడుకుంటాడు, ఏ పని చేసి ఎంత సంపాదిస్తాడు. తనే రాయాలి. రాయలేకపోతే ఇంకా సిద్ధంగా లేడని అర్థం, అది తిట్టవలసిన విషయం కాదు. రాస్తే, మీ వారు చదువుతారు. సాఫ్ట్‌వేర్‌లో పాతికేళ్లు పనిచేసిన మనిషి, లెక్కల కాగితం చేతిలో పెడితే తప్పులు దిద్దకుండా ఉండలేరు. దిద్దడం మొదలుపెట్టారంటే మాట్లాడడం మొదలైనట్టే.

ఈసారి కారు ఇంటి ముందు ఆగి, లోపల ఎవరూ కదలకపోతే, మీరు వెళ్లి పక్క సీట్లో కూర్చోండి. స్కోరు అడగవద్దు. బూట్లు విప్పమనండి చాలు. మీ వారు వెళితే ఇంకా మంచిది, కర్టెన్ కదిలినప్పుడు మీరే మెట్ల కింద నిలబడి 'మీరు వెళ్లండి' అనండి.

ఆ కాగితాన్ని చింపవద్దు. మీ వారు రాసిన 21కీ మీ అబ్బాయి రాసిన 2013కీ నడుమ కాస్త ఖాళీ ఉండే ఉంటుంది. అక్కడ మీ చేతిరాతతో 2002 అని రాయండి. పక్కన ఇంకేమీ రాయకండి. ఇద్దరిలో ఎవరో ఒకరు అదేమిటని అడుగుతారు. అడిగినవాళ్లకు ఆ ఏడాది ఒక కొడుకు ఏం గెలిచాడో, ఒక తండ్రి ఏమయ్యాడో చెప్పండి.